గట్టు రోడ్డు మీద నిలకడగా నడిచే కారు: సస్పెన్షన్ పని డైరీ

రోహిణీ కార్తె, కాలవలు కట్టేసిన రోజులు

కారు 2013 స్విఫ్ట్ డీజిల్. లక్షా పది వేల కిలోమీటర్లు దాటింది. ఇంజిన్‌కి వంక పెట్టడానికి లేదు, బాధంతా కింద, బాడీకీ చక్రాలకీ మధ్య ఉండే సస్పెన్షన్‌లో ఉంది. అంబాజీపేట నుంచి అమలాపురం దాకా ఒక్కణ్ణే వెళ్ళొస్తే పెద్దగా తెలియదు. ఇంటిల్లిపాదీ ఎక్కి రావులపాలెం దాటాక లొల్ల మీదుగా బొబ్బర్లంక వెళ్ళే కాలవ గట్టు పట్టుకుంటే మాత్రం వెనక భాగం పడవలా ఊగుతుంది. ఒక ఊపు తీరకుండానే ఇంకోటి వచ్చి కలుస్తుంది. వెనక సీట్లో అమ్మ నడుం పట్టుకుని "మెల్లిగా పోనీరా" అంటుంది. స్పీడోమీటర్ చూస్తే 60 కూడా ఉండదు. అదే కారు యెదుర్లంక వారధి మీదికొస్తే ఇంకో రకం బాధ. ఒక్కో జాయింటు దగ్గరా దబ్ దబ్ మని స్టీరింగులోంచి చేతికి కొడుతుంది.

అంటే మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగానూ, పట్టు ఉండాల్సిన చోట వదులుగానూ ఉంది. ఈ రెండూ ఒకే కారులో ఎలా కుదురుతాయా అని చాలామంది అడిగారు. అరిగిన సస్పెన్షన్ గుణమే అది. సుఖం కావాలంటే హ్యాండ్లింగ్ (కారు స్టీరింగు మాట వినడం) వదులుకోవాలి, హ్యాండ్లింగ్ కావాలంటే నడుం విరగ్గొట్టుకోవాలి అనే మాట షెడ్డుల్లో బాగా వినపడుతుంది. మన డెల్టా రోడ్ల మీద అది నిజం కాదని నా నమ్మకం. ఈ పని మొదలెట్టింది దాన్ని నా కారు మీదే తేల్చుకోవడానికి.

మేస్త్రి బాబాయ్ చూసి, "ఆయ్, వెనక స్ప్రింగుల్లో రబ్బరు బఫర్లు ఏసేద్దారండి. ఎత్తు లేస్తది, ఊగడం ఆగిపోద్ది" అన్నాడు.

"ఎత్తు లేస్తుంది గానీ ఊగడం ఆగదు బాబాయ్" అన్నాను. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు దూరిస్తే ఆ చుట్టు పనిచెయ్యడం మానేస్తుంది. పనిచేసే చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. కారు ఊగడం మానదు, ఇంకా వేగంగా ఊగుతుంది. ఊపుని చంపాల్సింది షాకబ్జార్బరు. స్ప్రింగు బరువు మోస్తుంది, ఊపుని దాచుకుని తిరిగిస్తుంది, అంతే. ఆ తిరిగొచ్చే ఊపుని నూనెలో వేడిగా మార్చి పోగొట్టే పని షాకబ్జార్బరుది.

ఇంకొకరు ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేయమన్నారు. ఎత్తు తగ్గితే చక్రం పైకి కదిలే జాగా తగ్గుతుంది. కల్వర్టు కల్వర్టుకీ ఎగుడుదిగుడు ఉన్న రోడ్డు మీద అన్నిటికంటే విలువైనది ఆ జాగాయే. దాన్ని చేజేతులా పోగొట్టుకోలేను.

పనికి ఒక్కటే కట్టుబాటు పెట్టుకున్నాను. ఒకసారికి ఒక్క విడత పని, ప్రతి విడత తర్వాతా అవే మూడు దారులు. చిన్న చిన్న దెబ్బలకి యెదుర్లంక వారధి. పొడుగాటి అలలకి గట్టు రోడ్డు, అదీ నిండు బరువుతో. అడ్డదిడ్డపు కల్వర్టులకీ స్పీడ్ బ్రేకర్లకీ మా ఊరి లోపలి రోడ్లు.

అదే కార్తె, కాటా మీద

ఏదైనా విప్పే ముందు కొలవాలి. రైసు మిల్లు దగ్గర కాటా ఉంది. ముందు చక్రాలు మాత్రం పళ్ళెం మీద పెడితే 680 కిలోలు, వెనకవి మాత్రం పెడితే 400. డీజిల్ ఇంజిను కదా, ముక్కు బరువు.

తర్వాత నిండు బరువు. మనుషుల్ని కూర్చోబెట్టి గంటలకొద్దీ తిప్పలేం కాబట్టి ధాన్యం బస్తాలు వాడాను. మన గోదావరి బస్తా 75 కిలోలు, ఒక మనిషి లెక్కకి చక్కగా సరిపోతుంది. పక్క సీట్లో ఒకటి, వెనక సీట్లో మూడు, బెల్టులు పెట్టి బిగించాను. స్టీరింగు దగ్గర నేను. ఈసారి ముందు 775, వెనక 680. వెనక ఇరుసు మీద ఏకంగా 280 కిలోలు పెరిగింది, ముందు పెరిగింది 95 మాత్రమే.

చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిస్తే వెనక భాగం 70 మి.మీ. దిగింది. ఒక్కో వైపు 140 కిలోలకి 70 మి.మీ., అంటే చక్రం దగ్గర లెక్కేస్తే స్ప్రింగు మి.మీ.కి సుమారు 2 కిలోలు మోస్తోంది. ఈ ఒక్క అంకె చేతికొస్తే మిగతా లెక్కంతా నడుస్తుంది.

కారుకి ఒక సొంత ఊపు ఉంటుంది, సెకనుకి ఇన్ని సార్లని. మామూలు కార్లలో అది 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటే ఒంటికి హాయి. దాన్ని కొలవడానికి వెనక షాకబ్జార్బర్ల కింది బోల్టులు తీసేసి, డిక్కీలో ఫోను పెట్టి, వెనక భాగాన్ని చేత్తో నొక్కి వదిలాను. ఈ పని చక్రాలు నేల మీద ఉండగానే చెయ్యాలి. బోల్టు తీసిన కారుకి జాకీ ఎత్తితే స్ప్రింగు ఊడి పడుతుంది. ఫోనులో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసింది. ఊపుల గీత దానంతటదే గీస్తుంది. ఖాళీ కారుకి వెనక 1.75 హెర్ట్జ్ వచ్చింది, బస్తాలతో 1.3. ముందు వైపు స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసి ఉండే కట్ట) విప్పకుండా ఈ పని కుదరదు కాబట్టి స్పీడ్ బ్రేకర్ దాటించి గీతలోంచి తీశాను. ఖాళీకీ నిండుకీ పెద్ద తేడా లేదు, 1.3 చుట్టుపక్కలే.

ఈ అంకెలు చూశాక అమ్మ నడుం నొప్పికి కారణం అర్థమైంది. గుంతలో ముందు చక్రం ముందు పడుతుంది, వెనక చక్రం కాస్త ఆగి పడుతుంది. స్విఫ్ట్ చక్రాల మధ్య దూరం 2,430 మి.మీ. 60 వేగంలో ఆ ఆలస్యం సుమారు 0.15 సెకన్లు. వెనక ఊపు ముందు దానికంటే కాస్త వేగంగా ఉంటే ఆలస్యంగా మొదలైన వెనక భాగం ముందుదాన్ని అందుకుంటుంది. ఒకటి రెండు ఊపుల్లో రెండూ కలిసి పైకీ కిందికీ సాఫీగా కదులుతాయి. అప్పుడు ముక్కు లేవడం, తోక దిగడం ఉండదు. 1930ల్లో అమెరికాలో కాడిలాక్ కంపెనీలో మారిస్ ఆలీ అనే ఇంజినీరు అటూ ఇటూ బరువులు మార్చుకునే వీలున్న పెద్ద కారు మీద ప్రయోగాలు చేసి ఈ సంగతి తేల్చాడు. ఖాళీ స్విఫ్ట్ ఆ సూత్రానికి సరిగ్గా సరిపోతుంది. నిండు స్విఫ్ట్‌లో ముందూ వెనకా ఒకే అంకె, కాబట్టి వెనకది ముందుదాన్ని అందుకోదు. ముక్కు లేస్తే తోక దిగుతూ, తోక లేస్తే ముక్కు దిగుతూ సాగుతుంది. మనుషులు దూరప్రయాణాల్లో ఒళ్ళు హూనమైందని చెప్పేది ఈ కదలిక గురించే.

దానికి తోడు ఇంకో నష్టం. షాకబ్జార్బరు అదే, బరువు పెరిగింది. స్ప్రింగుల మీద ఉండే బరువు వెనక దాదాపు రెట్టింపైతే, డంపింగ్ నిష్పత్తి, అంటే ఊపు ఎంత త్వరగా చస్తుందో చెప్పే అంకె, పావు వంతుకు పైగా తగ్గిపోతుంది. ఒక్కడు నడిపినప్పుడు చాలనిపించే షాకబ్జార్బరు సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందర్నీ ఎక్కించుకుని వెళితే చాలదు.

మృగశిర మొదట్లో, టేపు పట్టుకుని గట్టు మీద

గట్టు రోడ్డులో బాగా ఊపే చోటు ఒకటి గుర్తుపెట్టుకున్నాను. పొద్దున్నే బళ్ళు తక్కువగా ఉన్నప్పుడు దిగి, అల శిఖరం నుంచి శిఖరానికి టేపు లాగితే 12 నుంచి 13 మీటర్లు. 60 వేగమంటే సెకనుకి 16.7 మీటర్లు. 13తో భాగిస్తే 1.3. కారు సొంత ఊపుకి రోడ్డు ఊపు అచ్చంగా కలిసిపోయింది! అదే చోట 45లో వెళితే 1కి కాస్త తక్కువ, ఊపు సగం కూడా లేదు. 75లో కూడా తగ్గుతుంది గానీ ఆ ఇరుకు గట్టు మీద ఆ వేగం ఎవరూ పోకూడదు.

ఈ అలలు రోడ్డు వేసినవాళ్ళ లోపమనే అనుకుంటాం, అది కొంతే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్వుకుంటూ వచ్చిన కాలవల మట్టే చాలా చోట్ల గట్లయింది. ఆ గట్ల మీదే తర్వాత బాటలు పడ్డాయి, బాటల మీద తారు పడింది. కింద ఉన్నది నీళ్ళకి ఉబ్బి, ఎండకి బీటలు వారే బంకమట్టి. కాలవ వైపు ఏడాదిలో ఎక్కువ నెలలు తడిగా ఉంటుంది. వేసవిలో కాలవ కట్టేస్తే అదీ ఎండుతుంది. ఉబ్బిన చోట రోడ్డు లేస్తుంది, కుంగిన చోట దిగుతుంది. కల్వర్టుల సంగతి ఇంకోటి. కల్వర్టు గట్టి పునాది మీద కదలకుండా ఉంటుంది, దాని రెండు పక్కలా పోసిన మట్టి ఏడాదికేడాది కుంగుతుంది. అందుకే ప్రతి తూము దగ్గరా ఒక ఎగురు, ఒక దిగుడు. ఈ నేల మీద నడిచే కారుకి గట్టి స్ప్రింగు పనికిరాదు, మెత్తటి స్ప్రింగు కావాలి. దాన్ని అదుపులో పెట్టే మంచి షాకబ్జార్బరు కూడా కావాలి.

మృగశిర, బుష్‌ల పని

కాలవలకి నీళ్ళొదిలారు. వానలు పట్టక ముందే కింది పని అయిపోవాలి.

కారెత్తి స్టాండ్ల మీద పెట్టి (జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరూ కారు కిందికి దూరకండి) సన్న గడ్డపార వేసి ఒక్కొక్కటీ కదిపి చూశాం. ముందు చక్రాల్ని కింద బాడీకి పట్టి ఉంచే లోయర్ ఆర్ములకి వెనక వైపు ఉండే బుష్‌లు (కీలులో ఇమిడే రబ్బరు ముక్కలు) రెండూ చిరిగాయి. రబ్బరులో చీలిక ఎంత లోతంటే చూపుడు వేలి గోరు లోపలికి దిగుతోంది. యాంటీ రోల్ బారుని (మలుపులో కారు వాలకుండా ఎడమ కుడి చక్రాల్ని కలిపే ఉక్కు కడ్డీ) పట్టుకునే లింకు రాడ్ల బాల్ జాయింట్లు చేత్తో ఆడిస్తే టక్కుమంటున్నాయి. స్ట్రట్ మౌంటు రబ్బరు పగిలింది. దాని కింది బేరింగులో తుప్పు గరగరలాడుతోంది. మలుపు తిరిగాక స్టీరింగు దానంతటది వెనక్కి రాకుండా బద్ధకంగా ఉండడానికి కారణం ఆ బేరింగే. స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ కాచే బంప్ స్టాపులైతే వేలితో నలిపితే పొడిగా రాలాయి.

తుప్పు గురించి ఒక మాట. సముద్రం గాలి సరే, మన వైపు రొయ్యల చెరువుల బళ్ళ నుంచి కారే ఉప్పునీళ్ళు రోడ్డంతా పడుతుంటాయి. ఆ బళ్ళ వెనక రోజూ తిరిగే కారుకి కింది బోల్టులు త్వరగా పట్టేస్తాయి. నా కారులో లోయర్ ఆర్ము బోల్టు లోపలి ఉక్కు గొట్టంతో ఒకటైపోయింది. తుప్పు వదిలించే నూనె రాత్రంతా పెట్టి, పొద్దున్న వేడి చేసి, పానాకి పైపు తొడిగితేగానీ కదల్లేదు.

ఆర్ములు పట్టుకెళ్ళి లేతు షాపులో ప్రెస్సు మీద పాత బుష్‌లు తీయించాను. తీసే ముందు బుష్‌లోని ఖాళీలు ఏ వైపు ఉన్నాయో ఆర్ము మీద తెల్ల పెయింటుతో గీత పెట్టాను. ఆ ఖాళీలు ఊరికే పెట్టినవి కావు. చక్రం గుంతకి తగిలినప్పుడు వెనక్కి కాస్త ఒదగడానికి ఒక దిక్కులో మెత్తగా, మలుపులో పక్కకి జారకుండా ఇంకో దిక్కులో గట్టిగా ఉండేలా చేస్తారు. తిప్పి ఎక్కిస్తే రెండు గుణాలూ తారుమారు. సుఖం, హ్యాండ్లింగ్ రెండూ ఒకే రబ్బరు ముక్కలో ఎలా ఇమిడ్చారో చూస్తే ఆ పనితనానికి దణ్ణం పెట్టబుద్ధేస్తుంది.

పాలీయురేథేన్ బుష్‌లు వేసుకోమని సలహా వచ్చింది. రేసు కారుకి మంచివే. అన్ని దిక్కులా ఒకేలా గట్టిగా ఉండేది నా కారుకి వద్దు. కంపెనీ రబ్బరే వేశాను.

బిగించేటప్పుడు అసలు కిటుకు ఉంది. షెడ్డుల్లో దీన్ని పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధ. రబ్బరు బుష్ బేరింగులా తిరగదు. లోపలి గొట్టం బోల్టుతో, బయటి గొట్టం ఆర్ముతో బిగుసుకుంటాయి, ఆర్ము కదిలినప్పుడు మధ్య రబ్బరు మెలి తిరుగుతుంది. కారు ఎత్తి చక్రాలు వేలాడుతున్నప్పుడే బోల్టు పూర్తిగా బిగిస్తే ఆ వేలాడే భంగిమే రబ్బరుకి సహజ స్థితి అవుతుంది. కారు దించగానే రబ్బరు మెలి తిరిగే ఉంటుంది, ఎప్పుడూ అలాగే. కొద్ది నెలల్లో చిరుగుతుంది, ఈలోగా రైడ్ కూడా గట్టిగా అనిపిస్తుంది. అందుకని నాలుగు చక్రాల కిందా చెక్క దిమ్మలు పెట్టి, కారు తన బరువు మీద తను నిలబడ్డాక, అప్పుడు కింద పడుకుని టార్క్ రెంచితో (బిగువు కొలిచి బిగించే పానా) ఆఖరి బిగింపు చేశాం. బాబాయ్ ముందు "ఎందుకండీ ఇంత శ్రమ" అన్నాడు. చిరిగిన పాత బుష్ కోసి, మెలి పడిన చోటే చీలిక మొదలైందని చూపిస్తే, దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇక మీదట అందరి బళ్ళకీ ఇలాగే బిగిస్తానండి" అన్నాడు.

బుష్‌లు, లింకు రాడ్లు, మౌంట్లు, బంప్ స్టాపులు, అంతే మారింది. వారధి జాయింట్ల దగ్గర స్టీరింగులోకి వచ్చే దెబ్బ పోయింది. దూరంగా దబ్ మని వినపడుతుంది, చేతికి తగలదు. గట్టు మీద ఊపు మాత్రం ఉన్నచోటే ఉంది, అది షాకబ్జార్బర్ల సంగతి.

ఆరుద్ర, టైర్లు, గాలి

టైరు కూడా స్ప్రింగే. అన్నిటికంటే ముందు రోడ్డుని తాకేది అదే. నాకున్నవి 165/80 ఆర్14, అంటే వెడల్పు 165 మి.మీ., పక్క గోడ అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. పక్క గోడ ఎత్తు 132 మి.మీ. అందం కోసం 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు, 195/55 టైర్లు వేసుకునేవాళ్ళున్నారు. మొత్తం వ్యాసం దాదాపు సమానమే, పక్క గోడ మాత్రం 107 మి.మీ.కి పడిపోతుంది. తారు అంచు విరిగిన చోట రిమ్ము వంగేది ఆ తేడా వల్లే. పైగా పెద్ద చక్రం బరువెక్కువ ఉంటే, స్ప్రింగు కింద వేలాడే ఆ బరువుని అదుపు చెయ్యడం షాకబ్జార్బరుకి ఇంకా కష్టం.

పాతవి అరిగాయి కాబట్టి 185/70 ఆర్14 తీసుకున్నాను. పక్క గోడ 129.5 మి.మీ., పోయింది రెండున్నర మి.మీ. మాత్రమే. మలుపులో పట్టు పెరిగింది. నీళ్ళు నిలిచిన చోట వెడల్పు టైరు కాస్త ముందుగా తేలుతుంది, అది గుర్తుంచుకుని నడపాలి.

గాలి విషయంలో బంకుల మీటర్లు ఒకదానికొకటి పొంతన లేకుండా చూపిస్తున్నాయి. సొంత గేజీ కొనుక్కోండి. పొద్దున్న చల్లటి టైరుకి, డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీదున్న అంకె పెట్టి మొదలెట్టాలి. వేడి 10 డిగ్రీలు పెరిగితే సుమారు 1.5 పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం చూసి తీసెయ్యకూడదు. స్టిక్కరు కంటే 2 పీఎస్ఐ ఎక్కువ పెట్టి చూస్తే వారధి మీద అదురు వెంటనే తెలిసింది, 2 తక్కువ పెడితే స్టీరింగు మందగించింది. స్టిక్కరు అంకె దగ్గరే ఆగాను. ఇంటిల్లిపాదీ ఎక్కిన రోజు మాత్రం నిండు బరువుకి స్టిక్కరు చెప్పినంత వెనక పెంచుతున్నాను.

పునర్వసు, షాకబ్జార్బర్లు

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన పని ఇదే.

పాత వెనక షాకబ్జార్బరు విప్పి బల్ల మీద నిలబెట్టి రాడ్డు నొక్కితే సగం దాకా ఏ అడ్డూ లేకుండా దిగిపోయింది, ఆ తర్వాత ఒక్కసారి గట్టిపడింది. పైకి లాగితే మళ్ళీ సగం ఖాళీ. సీలు దగ్గర నూనె కారి, ఆ తడికి దుమ్ము పట్టి నల్లటి ముద్దయింది. లోపల నూనె తగ్గి గాలి చేరితే పిస్టను ఆ గాలిలో ఖాళీగా ఆడుతుంది. మధ్య కదలికలోనే కారు నూటికి తొంభై పాళ్ళు బతుకుతుంది, అక్కడే పట్టు లేదు.

కొత్తవి ముందు కంపెనీ రకం. వెనక వాటికి నాబ్ తిప్పి సర్దుకునే రకం తెప్పించాను. ఈ రకంలో నాబ్ తిప్పితే ముఖ్యంగా మారేది రీబౌండు, అంటే స్ప్రింగు సాగి కారుని పైకి నెట్టేటప్పుడు పట్టి ఉంచే బలం. నొక్కుకునేటప్పటి అడ్డు తక్కువగానూ, సాగేటప్పటి అడ్డు దానికి రెండు మూడు రెట్లు ఎక్కువగానూ ఉండడం మామూలు కార్ల పద్ధతి. చక్రం గుంత అంచుకి తగిలి పైకి లేచేటప్పుడు అడ్డు ఎక్కువుంటే ఆ దెబ్బ నేరుగా సీటుకి వస్తుంది. అందుకే అక్కడ మెత్తదనం, తిరుగు ప్రయాణంలో పట్టు.

బిగించే ముందు కొత్తదాన్ని నిలువుగా పట్టుకుని పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగి, అలా నాలుగైదుసార్లు ఆడించాలి. పెట్టెలో పడుకోబెట్టి ఉంచినప్పుడు పనిచేసే గొట్టంలోకి చేరిన గ్యాసు ఇలా చేస్తే బయటికి పోతుంది. మొదటిసారి నొక్కినప్పుడు గుడగుడమంది, ఆఖరుసారికి మొదలు నుంచి చివరిదాకా ఒకే బిగువు.

వెనక స్ప్రింగులు కూడా చూశాం. ఖాళీ కారుకి కుడివైపు ఎడమ కంటే 12 మి.మీ. కిందికుంది, స్ప్రింగు అలసిపోయింది. అదే గట్టిదనం ఉన్న కంపెనీ స్ప్రింగులే జతగా వేశాను.

ఇక నాబ్ పని. బస్తాలు మళ్ళీ ఎక్కాయి. మొదట అన్నిటికంటే మెత్తని స్థానం. వారధి మీద హాయి, గట్టు మీద మాత్రం ఊపు రెండోసారి దాకా సాగింది. కాస్త కాస్త బిగిస్తూ పోతే ఒక దశలో గట్టు మీద కారు ఒక్కసారి దిగి, లేచి, అక్కడే నిలబడింది. గుండె నిండింది. ఇంకా బిగించి చూశాను, ఎక్కడ చెడుతుందో తెలియాలి కదా. పాసర్లపూడి వైపు వరసగా ప్యాచీలు వేసిన చోట చెడింది. ఒక ఎగుడు మీద నొక్కుకున్న స్ప్రింగు, రీబౌండు మరీ గట్టిగా ఉండేసరికి, సాగేలోపే ఇంకో ఎగుడు వచ్చింది. దాని మీద ఇంకోటి. కారు మెట్టు మెట్టుగా కిందికి దిగిపోయి బంప్ స్టాపు మీద కూర్చుంది. చక్రం గుంతలోకి దిగనే లేదు కాబట్టి టైరుకి పట్టూ లేదు. బయటికి గట్టి కారులా అనిపిస్తుంది గానీ అందులో సుఖమూ లేదు, హ్యాండ్లింగూ లేదు. అక్కడి నుంచి వెనక్కి తిప్పి మధ్య కంటే ఒక పిసరు బిగువు దగ్గర ఆపాను.

అంకెల్లో చెప్పాలంటే, పాత వాటితో స్పీడ్ బ్రేకర్ దాటాక ఫోను గీతలో రెండో శిఖరం మొదటిదాంట్లో సగం ఉండేది. డంపింగ్ నిష్పత్తి 0.1 అన్నమాట. ఇప్పుడు నిండు బరువుతో రెండో శిఖరం ఏడో వంతు, నిష్పత్తి 0.3 దగ్గర. మామూలు కార్లకి 0.2 నుంచి 0.4 దాకా మంచిదే.

ముందూ వెనకా ఒకే ఊపు అనే చిక్కు స్ప్రింగుల గట్టిదనం మార్చకుండా పూర్తిగా పోదు. వెనక పదో వంతు గట్టి స్ప్రింగులు వేద్దామా అని లెక్కేసి చూశాను. నిండు బరువుకి ఊపు 1.36 అవుతుంది, ఖాళీగా ఉంటే 1.84. నేను వారంలో ఆరు రోజులు ఒక్కణ్ణే తిరుగుతాను. ఆ ఆరు రోజులూ వెనక భాగం ఎగిరిపడుతుంటే ఏం లాభం? డంపింగు సరిగ్గా ఉంటే ముక్కూ తోకా ఊగులాట మొదటి ఊపులోనే చచ్చిపోతోంది కాబట్టి గట్టి స్ప్రింగుల జోలికి పోలేదు.

పుష్యమి, దారాలు కట్టి అలైన్‌మెంట్

వాన తెరిపిచ్చినప్పుడు సిమెంటు కళ్ళంలో చేశాను. డ్రైవరు సీట్లో ఒక బస్తా. కారుకి రెండు వైపులా చక్రం నడిమధ్య ఎత్తులో నైలాను దారాలు, కారుకి సమాంతరంగా. ముందు చక్రాల మధ్య వెడల్పు, వెనక చక్రాల మధ్య వెడల్పు ఒకటి కాదు కాబట్టి దారాన్ని చక్రాలకి తాకించి కట్టకూడదు. ఒక్కో ఇరుసు దగ్గర రెండు వైపులా హబ్బు నుంచి సమదూరంలో ఉంచి కట్టాలి. రిమ్ము ముందు అంచు నుంచి, వెనక అంచు నుంచి దారానికి స్టీలు స్కేలుతో కొలిస్తే టో, అంటే చక్రాల ముందు అంచులు ఎంత లోపలికో బయటికో తిరిగి ఉన్నాయో తెలుస్తుంది. మొత్తం 1 మి.మీ. లోపలికి పెట్టాను. తర్వాత అమలాపురంలో మిషను మీద చూపిస్తే పెద్ద తేడా రాలేదు.

కారు ఎడమకి లాగుతోందని చాలామంది మళ్ళీ మళ్ళీ అలైన్‌మెంట్ చేయిస్తుంటారు. నీళ్ళు పోవడానికి రోడ్డుని ఎడమకి వాలుగా వేస్తారు, ఆ వాలుకి కారు కాస్త ఎడమకి జరగడం సహజం. 216వ నంబరు హైవే మీద వాలు లేని చోట చేతులు వదులుగా పట్టి చూడండి, నేరుగా పోతే చాలు. వాలుని సరిచేద్దామని కాంబరు (నిలువుగా చూస్తే చక్రం వాలి ఉండే కోణం) తిప్పితే టైరు ఒక పక్క తినేస్తుంది.

ఆశ్లేష, యాంటీ రోల్ బారు

వెనక అదనపు బారు బిగించే కిట్లు దొరుకుతాయి. మలుపులో వాలడం తగ్గుతుందని ఆశ. వద్దనుకున్నాను. గట్టు రోడ్డు మీద ఎదురుగా ఆర్టీసీ బస్సో, కొబ్బరికాయల లారీయో వస్తే మనం ఎడమ చక్రాలు తారు దించాలి. ఆ అంచు దిగుడు కొన్నిచోట్ల జానెడుంటుంది. బారు ఎంత గట్టిదైతే ఒక చక్రం తిన్న దెబ్బ రెండో వైపుకి అంత పాకుతుంది, లోపల తలలు అటూ ఇటూ కొట్టుకుంటాయి. ఉన్న ముందు బారు కొత్త లింకు రాడ్లతో చక్కగా పనిచేస్తోంది. లాకుల దగ్గర మలుపుల్లో కారు వాలుతుంది, కానీ ఒక్కసారి వాలి అక్కడే ఉంటుంది. మలుపు మధ్యలో గతుకు తగిలినా దారి తప్పదు. మంచి హ్యాండ్లింగ్ అని నేననేది దీన్నే.

స్పీడ్ బ్రేకర్ల విషయంలో ఏ సస్పెన్షనూ అద్భుతాలు చెయ్యదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు. అలాంటిది 25 వేగంలో హాయిగా దాటొచ్చు. ఊళ్ళలో బడి ముందు, గుడి ముందు ఎవరికి వాళ్ళు పోసుకున్నవి అదే ఎత్తుని అర మీటరులో లేపుతాయి. వాటి దగ్గర ముందే వేగం తగ్గించుకుని, ఎక్కే ముందు బ్రేకు వదిలేసి దాటండి. బ్రేకు నొక్కి ఉంచితే ముక్కు ముందే దిగి, చక్రం కదిలే జాగా సగం అయిపోతుంది.

మఖ, ఇప్పటి స్థితి

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్ళీ టార్క్ రెంచితో చూశాను, వెనక షాకబ్జార్బరు కింది బోల్టు ఒక్కటి పిసరంత తిరిగింది. వారానికోసారి కింద మంచినీళ్ళతో కడుగుతున్నాను, బోల్టు మరలకి గ్రీజు పూశాను. అమ్మని మొన్న బొబ్బర్లంక దాకా తీసుకెళ్ళాను. ఊపే చోటు దాటాక, "ఇక్కడేగా ఎగిరేది, రోడ్డేశారా?" అంది. రోడ్డెవరూ వెయ్యలేదు.

మిగిలింది వెనక బీమ్ (వెనక చక్రాలు రెంటినీ కలిపే ఉక్కు దూలం) బుష్‌ల జత. గడ్డపారకి ఇంకా గట్టిగానే ఉన్నాయి గానీ కుడివైపు దాని రబ్బరు మీద సన్న గీతలు కనపడుతున్నాయి. అవి తీయాలంటే బీమ్ మొత్తం దింపాలి, బ్రేకు గొట్టాలు విప్పాలి. వానలు పోయి, కోతలయ్యాక లేతు షాపు ఖాళీ అయినప్పుడు పెట్టుకుంటాను. ఆ పనితో పాటే వెనక చక్రాల టో కూడా దారాలతో కొలిచి ఇక్కడ రాస్తాను.